టెక్ సందేహాలు: చిన్న ల్యాప్‌టాప్ కొనాలా, పెద్దదా?

ప్రశ్న: ఏఐ-ఎంఎల్ బ్రాంచ్‌లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దగ్గరున్న కాలేజీకి రోజూ బస్సులో వెళ్లొస్తాను. నాన్న 75 వేల దాకా పెడతానన్నారు. రెండు చూసి పెట్టుకున్నాను. ఒకటి 1.4 కిలోల 14 అంగుళాల ల్యాప్‌టాప్. రెండోది ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డున్న 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. సీనియర్లందరూ "గేమింగ్‌దే తీసుకో, నాలుగేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటున్నారు. ఏది కొనమంటారు?

14 అంగుళాలదే తీసుకోండి. ర్యామ్ మాత్రం 16 జీబీకి తగ్గనివ్వొద్దు.

మీ సీనియర్లు తప్పు చెప్పారని కాదు. వాళ్లలో ఎక్కువమంది హాస్టల్లో ఉంటారనుకుంటాను. ల్యాప్‌టాప్ గదిలో టేబుల్ మీదే ఉంటుంది, పక్కనే ప్లగ్గు ఉంటుంది. మీ పరిస్థితి వేరు. గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు సాధారణంగా 2.3 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దాని ఛార్జర్ ఇటుకంత ఉంటుంది, అది ఇంకో అరకిలో పైమాటే. రెండూ కలిపితే మూడు కిలోలు. కొనే ముందు ఒక పని చేయండి. లీటరు నీళ్ల సీసాలు మూడు బ్యాగులో పెట్టుకుని, పుస్తకాలు, లంచ్ బాక్సుతో పాటు ఒక వారం కాలేజీకి వెళ్లి రండి. ఆఫీసు టైములో బస్సులో సీటు దొరకని రోజులు కూడా ఆ వారంలో ఉండాలి. వారం అయ్యాక కూడా ఫర్వాలేదనిపిస్తే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం. బరువని ఇంట్లో వదిలేసి వెళ్లే ల్యాప్‌టాప్ ఎంత శక్తిమంతమైనదైనా ల్యాబ్‌లో మీకు అక్కరకు రాదు.

ఇక అసలు విషయం, గ్రాఫిక్స్ కార్డు. మీ బ్రాంచ్ పేరులో ఏఐ ఉంది కాబట్టి అది లేకపోతే చదువు సాగదేమోనన్న టెన్షన్ సహజం. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4050 మెమరీ 6 జీబీ. రెండో సంవత్సరంలో మీరు చేసే పని ఎక్కువగా పైథాన్ భాష, అందులో వాడే పాండాస్, సైకిట్-లెర్న్ అనే లైబ్రరీలతోనే. వాటికి గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు, ప్రాసెసర్, ర్యామ్ చాలు. మూడో సంవత్సరంలో న్యూరల్ నెట్‌వర్క్‌ల దగ్గరికి వచ్చేసరికి కార్డు కావాలి, నిజమే. కానీ అప్పటికి 6 జీబీ ఇరుకైపోతుంది. బ్రౌజర్ నుంచే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడుపుకునే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 కార్డుకి 16 జీబీ మెమరీ ఉంది. రద్దీగా ఉన్నప్పుడు అది దొరక్కపోవచ్చు, ఎక్కువసేపు వాడితే సెషన్ ఆగిపోతుంది కూడా. అయినా కాలేజీ ప్రాజెక్టులకు అది సరిపోతుంది. అలాంటిదే అయిన క్యాగుల్ సైటులోనూ వారానికి ఇన్ని గంటలని గ్రాఫిక్స్ కార్డు ఉచితంగా ఇస్తారు. రెండు చోట్లా అకౌంట్ తెరిచి పెట్టుకోండి.

దాన్ని బట్టి మీ డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది. ర్యామ్ మీద పెట్టండి. ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోనే తీసుకుంటే, ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకలు ఫోన్) కూడా నడపాలంటే కనీసం 16 జీబీ ఉండాలని గూగులే చెబుతోంది. పైగా సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. తర్వాత పెంచుకోవడం కుదరదు. షాపులో "తర్వాత వేయించుకోవచ్చులేండి" అంటే నమ్మకండి. ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా అని అడిగి, ఆ మోడల్ వివరాలు కంపెనీ సైటులో మీరే చూసుకోండి. ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉంటే దాదాపుగా అతికించినదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఐ5 కన్నా ఐ7 గొప్పదన్న లెక్కతో షాపుకి వెళ్లకండి. పేరు చివర ఉన్న అక్షరం చూడండి. ఐ7-1355యూ అనే ప్రాసెసర్‌లో పెద్ద కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండే, చిన్నవి ఎనిమిది. అది సగటున 15 వాట్లతో నడిచేలా చేసింది. ఐ5-13420హెచ్‌లో పెద్ద కోర్లు నాలుగు, చిన్నవి నాలుగు. అది 45 వాట్లది. ఎక్కువసేపు సాగే బరువైన పనిలో ఈ ఐ5 ఆ ఐ7ని దాటేస్తుంది. యూ రకంవి కరెంటు తక్కువ తాగి బ్యాటరీ ఎక్కువసేపు ఇస్తాయి, హెచ్ రకంవి వేగం ఇస్తాయి. ఆ వేగం నిలబడాలంటే వేడి బయటికి పోవాలి, దానికి లోపల ఫ్యాన్లకీ రాగి గొట్టాలకీ చోటుండాలి. పెద్ద ల్యాప్‌టాప్ పెద్దగా ఉండేది అందుకే. బాగా సన్నటి దాంట్లో హెచ్ ప్రాసెసర్ పెట్టినా మొదటి కొద్ది నిమిషాలే దాని పూర్తి వేగం కనిపిస్తుంది. వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్లగానే అదే తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో గదిలోనే 38, 40 డిగ్రీలుంటే ఆ హద్దు ఇంకా త్వరగా వస్తుంది. ఏ ల్యాప్‌టాప్ అయినా సరే పరుపు మీదో దిండు మీదో పెట్టి వాడకండి. గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు చాలావాటికి కిందే ఉంటాయి.

14 అంగుళాలంటే స్క్రీన్ చిన్నదైపోతుందేమోనని కూడా సందేహపడకండి. ఇప్పుడొచ్చే 14 అంగుళాల స్క్రీన్లు చాలావరకు 16:10 నిష్పత్తివి. దాని ఎత్తు 7.4 అంగుళాలు. 16:9 నిష్పత్తిలో ఉండే 15.6 అంగుళాల స్క్రీన్ ఎత్తు 7.65. తేడా పావు అంగుళమే. పెద్ద స్క్రీన్ అడ్డంగా మాత్రమే వెడల్పు. కోడ్ పైనుంచి కిందికి చదివేది కాబట్టి 1920x1200 స్క్రీన్ మీద 1920x1080 కన్నా నాలుగైదు వరుసలు ఎక్కువే కనిపిస్తాయి. ఇంట్లో పెద్దగా చూడాలనుకుంటే మిగిలిన డబ్బులో 24 అంగుళాల మానిటర్ వస్తుంది.

మీరు ఇంకో బ్రాంచ్ అయితే జవాబు మారేది. మెకానికల్‌లో సాలిడ్‌వర్క్స్, ఆర్కిటెక్చర్‌లో రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు రోజూ నడపాల్సిన వాళ్లకి గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద ల్యాప్‌టాపే కొనమని చెబుతాను. ఆ రెండూ విండోస్ మీదే నడుస్తాయి కాబట్టి వాళ్లు మ్యాక్‌బుక్ వైపు చూడకూడదు కూడా. నాన్నగారితో ఒకమాట చెప్పండి: మొత్తం 75 వేలూ ఖర్చు పెట్టాల్సిన అవసరం రాకపోవచ్చు.

ప్రశ్న: తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను సార్. ఇంట్లో చిన్న స్టూడియో ఉంది. ఈమధ్య పెళ్లివాళ్లు రిసెప్షన్‌కే టీజర్ వేయమని అడుగుతున్నారు, మండపంలోనే కూర్చుని కట్ చేయాల్సి వస్తోంది. అందుకని సన్నటి ల్యాప్‌టాప్‌కి మారదామనుకుంటున్నాను. కెమెరా 4కే, 4:2:2 10 బిట్‌లో తీస్తుంది. సలహా ఇవ్వండి.

మీకు మాత్రం పెద్దదే. మండపానికి వెళ్లేది కారులోనో వ్యానులోనో కెమెరాలు, లైట్లతో పాటు. అంత సామానులో ఇంకో కిలో మీకు బరువు కాదు. మిగతా రోజులన్నీ అది స్టూడియోలో ప్లగ్గుకే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ పెట్టిన గంటల్లో వేడికి తగ్గిపోకుండా నిలబడటమే మీకు కావాల్సింది.

కానీ ఏ పెద్దది అనేదాంట్లోనే మీరు జాగ్రత్త పడాలి. 4:2:2 10 బిట్ అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే ఫైళ్లు. మీవి హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో ఉంటే, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులు వాటిని నేరుగా డీకోడ్ చేయలేవు, అంటే విప్పి చూపించలేవు. ఎంత ఖరీదైన 4070 పెట్టినా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంటే కారణం ఇదే. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది, దాన్ని క్విక్ సింక్ అంటారు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఎన్విడియా కూడా దీన్ని చేర్చింది. కాబట్టి ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదో, 50 సిరీస్ కార్డు ఉన్నదో తీసుకోండి. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో పెద్ద కార్డు ఒక్కటే పనిచేసే మోడ్ ఉంటుంది. ఆ మోడ్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, క్విక్ సింక్ కూడా పోతుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు రెండు గ్రాఫిక్స్‌లూ పనిచేసే హైబ్రిడ్ మోడ్‌లో ఉంచండి.

కార్డు పేరొక్కటే చూసి మోసపోకండి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4050నీ 4060నీ కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చుకోవచ్చు. పేరు ఒకటే, పని వేరు. మోడల్ వివరాల్లో టీజీపీ (కార్డుకి అందే వాట్లు) అని ఒక అంకె ఉంటుంది, అది అడగండి. స్క్రీన్ దగ్గర కూడా ఇలాంటిదే. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసి ఉంటే ఆ స్క్రీన్‌లో రంగులు వెలిసిపోయినట్టుంటాయి. పెళ్లికూతురి చీర ఎరుపు మీకొకలా, వాళ్ల టీవీలో ఇంకోలా కనిపిస్తుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదే కొనండి. రెండో ఎస్‌ఎస్‌డీకి స్లాట్ ఉందో లేదో కూడా చూడండి. పెద్దవాటిలో చాలావాటికి ఉంటుంది, ఫుటేజ్ అంతా దాంట్లో పెట్టుకోవచ్చు.

మండపంలో మాత్రం దీన్ని బ్యాటరీ మీద నడపాలని చూడకండి. గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి బలంతో నడవాలంటే 200 వాట్లకు పైగా లాగుతుంది, అంటే సుమారు మూడు సీలింగ్ ఫ్యాన్లంత. బ్యాటరీ అంత ఇవ్వలేదు కాబట్టి ఛార్జర్ తీయగానే వేగం బాగా పడిపోతుంది. స్టేజీ లైట్ల బోర్డు దగ్గర ఒక ప్లగ్గు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఫుటేజ్ కాపీ అవుతుండగానే ప్రాక్సీలు (కటింగ్ కోసం చేసుకునే తేలికైన నకళ్లు) తయారు చేయించుకుంటే కటింగ్ సాఫీగా సాగుతుంది. ఇంటి దగ్గర ఇన్వర్టర్ మీద ఎడిటింగ్ చేసే అలవాటుంటే ఈ 200 వాట్ల లెక్క అక్కడా వేసుకోండి.

ప్రశ్న: గుంటూరులో అకౌంటెంట్‌ని. వయసు 56. టాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్, అంతే. అబ్బాయి మ్యాక్‌బుక్ ఎయిర్ కొనిస్తానంటున్నాడు. తీసుకోనా?

వద్దండీ. మ్యాక్‌బుక్ ఎయిర్ మంచి యంత్రమే, 13 అంగుళాలది 1.24 కిలోలు, లోపల ఫ్యాన్ కూడా ఉండదు కాబట్టి చప్పుడే రాదు. కానీ టాలీ ప్రైమ్ విండోస్ కోసం చేసింది. మ్యాక్‌లో దాన్ని నడపడానికి దొడ్డిదారులున్నాయి, నెలాఖరున రిటర్నుల హడావుడిలో మీకు ఆ తలనొప్పి ఎందుకు?

మీకు స్క్రీన్ పెద్దదిగా ఉండాలి, బలం ఎక్కువ అక్కర్లేదు. పెద్దదంటే శక్తిమంతమైనదే అయ్యుండాలని లేదు. మామూలు యూ రకం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న 15.6 అంగుళాల విండోస్ ల్యాప్‌టాప్ చూడండి. వీటిలో చాలావాటికి కుడివైపు అంకెల కీలు విడిగా ఉంటాయి. రోజంతా వోచర్లు కొట్టే చేతికి అవి లేకపోతే ఎంత ఇబ్బందో మీకే తెలుసు. 14 అంగుళాలవాటిలో ఆ చోటు ఉండదు. కొన్నాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ను 125 శాతానికో 150 శాతానికో పెంచుకోండి, కళ్లకి హాయిగా ఉంటుంది. అబ్బాయి ఇవ్వాలనుకున్న డబ్బులో ఇంకా మిగిలితే మంచి కుర్చీ ఒకటి కొనిపించుకోండి.

ప్రశ్న: ఆగస్టులో ఎంఎస్‌కి డల్లాస్ వెళ్తున్నాను. ఇక్కడే పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని వెళ్దామనుకుంటున్నాను. విమానంలో బ్యాటరీకి ఇబ్బంది అవుతుందా? అక్కడ కరెంటు వేరంటారు కదా?

బ్యాటరీతో ఇబ్బంది లేదు. 100 వాట్ అవర్ల (బ్యాటరీ సామర్థ్యం కొలత) వరకు విమానంలో మామూలుగానే ఒప్పుకుంటారు. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ 99.9 దగ్గర ఆగిపోయేది కూడా ఈ నిబంధన వల్లే. చెకిన్ సూట్‌కేసులో పెట్టకుండా చేతి బ్యాగులో తీసుకెళ్లండి. పవర్ బ్యాంకు అయితే చేతి బ్యాగులోనే ఉండాలి.

కానీ పెద్దది ఎందుకో ఒకసారి ఆలోచించండి. క్లాసు, లైబ్రరీ, పార్ట్‌టైమ్ పని, మళ్లీ రూము. ల్యాప్‌టాప్ రోజంతా భుజం మీదే ఉంటుంది. బరువైన పనులకు యూనివర్సిటీ కంప్యూటర్లకు రిమోట్‌గా లాగిన్ అయ్యే వీలు ఇస్తారేమో మీ డిపార్ట్‌మెంట్ సీనియర్లని కనుక్కోండి. ఇస్తారంటే 13, 14 అంగుళాలది చాలు. కొనే ముందు వారంటీ అమెరికాలో కూడా చెల్లుతుందో లేదో ఆ మోడల్‌కి చూసుకోండి. కొన్నింటికి ఇండియా వారంటీయే ఉంటుంది, అలాంటప్పుడు అక్కడికి వెళ్లి కొనుక్కోవడమే మేలు.

కరెంటు సంగతికి వస్తే, ఛార్జర్ మీద ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు అని ఉందా చూడండి. ల్యాప్‌టాప్ ఛార్జర్లన్నింటికీ దాదాపు అలాగే ఉంటుంది. అలా ఉంటే కన్వర్టర్ అక్కర్లేదు, పిన్ను ఒక్కటే మారాలి. ఇటుకలాంటి ఛార్జరైతే గోడ నుంచి దానికి వచ్చే తీగ ఊడివస్తుంది, అక్కడ కొద్ది డాలర్లకే అలాంటి తీగ దొరుకుతుంది. యూఎస్‌బీ-సీతో ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే 65 వాట్ల ఛార్జర్ అక్కడ ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా కొనుక్కోవచ్చు. దిగిన రోజు రాత్రికి మాత్రం ఇక్కడి నుంచే ఒక అడాప్టర్ పిన్ను చేతి బ్యాగులో వేసుకుని వెళ్లండి.