చారల షీటు జరిపినా గాలిమర ఎందుకు తిరగడం లేదు?

అడిగింది ఇదీ: అనంతపురంలో 8వ తరగతి చదివే పాప సైన్స్ ఫెయిర్‌కి చారల షీటు కింద గాలిమర తిరిగే బొమ్మ చేశారు. షీటు జరిపితే రెక్కలు తిరగడం లేదు, నల్లటి అలలు మాత్రం పాకుతున్నాయి. తప్పు ఎక్కడ?

ఈ బొమ్మలో గాలిమర ఆరు భంగిమలూ సన్న చారలుగా కోసి పక్కపక్కనే కలిపి ఉంటాయి, పై షీటు సందుల్లోంచి ఒకసారికి ఒక్క భంగిమే కనిపించాలి. తప్పెక్కడో ఆ అలలే చెప్తున్నాయండీ. బొమ్మలోని చారలూ పై షీటులోని చారలూ ఒకే కొలతలో లేవు. దోమతెర రెండు మడతలు పడినచోట కనిపించే అలలు కూడా ఇవే. జిరాక్స్ షాపులో కాగితం ఒకసారి, ఓహెచ్‌పీ షీటు (అవతలికి కనిపించే ప్లాస్టిక్ షీటు) ఇంకోసారి తీసుంటారు. ఒకసారి ‘యాక్చువల్ సైజ్’, ఇంకోసారి ‘ఫిట్ టు పేజ్’ పడుంటుంది. ఒకటి 100 శాతం, ఇంకోటి 97 శాతం వచ్చిందనుకోండి, ప్రతి 33 చారలకు ఒక చార మొత్తం జారిపోతుంది. అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోపలే ఆరు భంగిమలూ ఒకేసారి బయటపడతాయి. ఎడమ పక్క రెక్క పైన, కుడి పక్క రెక్క కింద. ఇంక అది తిరిగేదెట్లా?

బొమ్మ పారేయకండి. ముందు కొలతలు సరిచూసుకోండి. ఆరు భంగిమలకు నేను చెప్పే లెక్క ఇది: 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఒక సందు 5 పిక్సెళ్లు, దాని పక్కన నలుపు 25 పిక్సెళ్లు. రెండూ కలిపి 30 పిక్సెళ్లు, అంటే 2.54 మిల్లీమీటర్లు. బొమ్మ వెడల్పు 1800 పిక్సెళ్లు, సరిగ్గా 6 అంగుళాలు, 60 చారలు. ఈ వెడల్పు 30తో నిశ్శేషంగా భాగించబడాలి, లేకపోతే అంచు దగ్గర తెగుతుంది. పై షీటు ఇవే చారలతో 2100 పిక్సెళ్లు చేసుకోండి, జరపడానికి ఒక అంగుళం మిగులుతుంది.

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. 30 పిక్సెళ్ల వెడల్పున్న చిన్న నమూనా గీసి (5 తెలుపు, 25 నలుపు) కాపీ చేయండి. ఆరు బొమ్మలు ఆరు లేయర్లలో పెట్టి, మొదటి లేయర్ మాస్కును (తెలుపున్నచోట బొమ్మను చూపి, నలుపున్నచోట దాచేది) ఆ నమూనాతో నింపండి. రెండో దానికి అదే మాస్కును 5 పిక్సెళ్లు పక్కకు, మూడో దానికి 10, ఇట్లా 25 దాకా జరపండి. గీతలు బ్రష్‌తో వద్దు, పెన్సిల్ టూల్‌తోనే. బ్రష్ అంచులు బూడిదరంగులోకి పోతాయి. సేవ్ చేసేది పీఎన్‌జీగానే. జేపెగ్ చేస్తే సన్న చారల అంచులన్నీ మసకబారతాయి.

గాలిమరకు మూడు రెక్కలు కాబట్టి 120 డిగ్రీలు తిరిగితే మళ్లీ అదే బొమ్మ. దాన్ని ఆరుతో భాగిస్తే 20. భంగిమలు 0, 20, 40, 60, 80, 100 డిగ్రీలు. 120 వేయకండి, అది 0తో సమానమే, వేస్తే ప్రతి 120 డిగ్రీలకు ఒకసారి ఆగినట్టు తడబడుతుంది. రెక్కలు బొద్దుగా, సెంటీమీటరుకు తగ్గకుండా గీయండి. ఉరవకొండ దారిలో కనిపించేవాటిలా సన్నగా గీస్తే చారల మధ్య కరిగిపోతాయి. రంగులూ వద్దు. సందుల్లోంచి వచ్చేది ఆరింట ఒక వంతు వెలుగే, తెలుపు మీద నలుపే నిలబడుతుంది. గాలిమర వద్దనుకుంటే నిమ్మలకుంట తోలుబొమ్మ నీడ బాగా పనికొస్తుంది. కాళ్లూ చేతులూ విడి ముక్కలుగా కట్టినవే కాబట్టి ఒక్కో ముక్కను తిప్పుకుంటూ పోతే భంగిమలు వస్తాయి.

ఇప్పుడు ప్రింటు. దీంట్లోనే చాలావరకు పాడవుతాయి. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, అది చిన్నది చేసి పిండేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. రెండు ఫైళ్లలోనూ ఒక మూల 1181 పిక్సెళ్ల గీత పెట్టండి. ప్రింటు చేతికి రాగానే షాపులోనే స్కేలు పెట్టి చూడండి, 100 మిల్లీమీటర్లు ఉండాలి. రెండూ 97 వచ్చినా ఫరవాలేదు, బొమ్మ తిరుగుతుంది. రెండిటి మధ్య తేడా మాత్రం రాకూడదు. 100కి అర మిల్లీమీటరు తేడా వచ్చినా, ఆరు అంగుళాల చివరకు వచ్చేసరికి దాదాపు రెండు భంగిమలు తప్పుతుంది. రెండూ ఒకే ప్రింటర్‌లో, ఒకే వైపు తిప్పి తీయించండి. టోనర్ పొదుపు సెట్టింగు తీసేయమనండి, లేదంటే నలుపు బూడిదవుతుంది. లేజర్ ప్రింటర్‌కు లేజర్ ఓహెచ్‌పీ షీటే కావాలి. స్పైరల్ బైండింగ్‌కి పైన వేసే ప్లాస్టిక్ షీటు పెడితే లోపలి వేడికి కరిగి అతుక్కుంటుంది, ఆ రిపేరు ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

షీటు చేత్తో జరిపితే వంకరపోతుంది. ఒక్క డిగ్రీ వంగినా ఆరు అంగుళాల ఎత్తులో ఒక చార మొత్తం తప్పుతుంది, అలలు మళ్లీ మొదలు. పైనా కిందా రెండు అట్టముక్కలు పట్టాల్లా అతికించి, షీటు వాటి మధ్య జారేలా చేయండి. మీద ఒక అద్దం పెడితే షీటు కాగితానికి ఒత్తుకుంటుంది. మధ్యలో సందు ఉంటే పక్కనుంచి చూసిన పిల్లకు వేరే భంగిమ కనిపిస్తుంది.

ఇంతా చేశాక జడ్జీ ఎందుకు కదిలినట్టుందని అడుగుతాడు. పాపతో ‘కంటిలో బొమ్మ 1/16 సెకను నిలిచి ఉంటుంది’ అని మాత్రం చెప్పించకండి. ఏంటికి అందరూ అదే బోర్డు మీద రాస్తారో! బొమ్మ నిలిచిపోవడమే కారణమైతే ఆరు భంగిమలూ ఒకదాని మీద ఒకటి పడి పద్దెనిమిది రెక్కల చక్రం కనిపించాలి కదా. మెల్లగా, ఒక్కో భంగిమ దగ్గర అర సెకను ఆపి జరపండి, అప్పుడూ రెక్క గెంతుతున్నట్టే ఉంటుంది. రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపితే, మధ్య విరామం సరిగ్గా కుదిరినప్పుడు ఒకే గీత జరిగినట్టు కనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ 1912లోనే రాశాడు. ముందు కనిపించినదాన్ని, తర్వాత కనిపించినవాటిలో దగ్గరున్నదానితో మెదడు ముడి వేస్తుంది.

దీనికి రుజువు మీ ఇంటి ఫ్యానే. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఫ్రేముకు 70 డిగ్రీలు ముందుకు పోతుంది. వెనక రెక్క అప్పటికి 50 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. 70 కన్నా 50 దగ్గర కాబట్టి వీడియోలో ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. గాలిమరకు రెండే భంగిమలు పెడితే 60 డిగ్రీలు, అటూ ఇటూ సమానం, ఎటు తిరుగుతోందో తేలదు. అందుకే ఆరు పెట్టమన్నది.

స్టాల్‌లో షీటు చుట్టి పెట్టకండి, వంపు మళ్లీ పోదు. రెండు అట్టల మధ్య పెట్టి తీసుకుపోండి, ఒక ప్రింటు అదనంగా ఉంచుకోండి.