ఆ అయిదు వేల డాలర్లు ఏమయ్యాయి?

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి పడుకోబోతూ తెరిచాను, నిద్ర చెడింది. అమెరికా జాజ్ బ్యాండ్లకి అరేంజ్‌మెంట్లు రాసిన సై ఓలివర్ మీద తెలుగులో ఒకడు రాశాడని మొదట సంబరపడ్డాను. ఒహాయోలో సంగీతం నేర్పే అమ్మానాన్నల మధ్య పెరిగిన ముక్క బాగుంది. మూడో పేజీలో "1939లో ఆయన టామీ డోర్సీ బ్యాండులో చేరారు" అని ఒక్క మాటలో తేల్చేశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది.

ఎలా చేరాడయ్యా? 1933 నుంచి జిమ్మీ లన్స్‌ఫోర్డ్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తూ, పాడుతూ, ఆ బ్యాండుకంటూ ఒక నడక తెచ్చిన అరేంజ్‌మెంట్లు రాసి రాసి, ఇక చాలు, మానేసి చదువుకుంటానని చెప్పేశాడు. అప్పుడే ఆయన్ని డోర్సీ ఉన్న హోటల్‌కి తీసుకెళ్లారు. డోర్సీ గడ్డం గీసుకుంటున్నాడట. లన్స్‌ఫోర్డ్ ఎంతిస్తున్నాడో దానిమీద ఏడాదికి 5,000 డాలర్లు ఎక్కువిస్తానన్నాడు. ఓలివర్ బేరం కూడా ఆడకుండా సరేనన్నాడు. స్వయంగా ఆయన చెప్పుకున్న సంగతే ఇది. దీన్ని వదిలేసి "స్వర మాంత్రికుడు" అని నాలుగుసార్లు రాశావు.

కళాకారుడి గురించి రాస్తే డబ్బు సంగతి రాయాలి. నా పిచ్చి అనుకో, ఫర్వాలేదు. అరేంజర్ అంటే ఎవరు ఎప్పుడు ఊదాలో, ఎవరు నోరు మూసుకోవాలో కూర్చుని రాసిపెట్టేవాడు. చప్పట్లేమో ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాయనకి. లన్స్‌ఫోర్డ్ బ్యాండుకి ఓలివర్ రాసిన 1936 నాటి 'ఆర్గాన్ గ్రైండర్స్ స్వింగ్' విను, అంత పెద్ద బ్యాండుని పెట్టుకుని పిల్లల పాటలాంటి బాణీని ఎంత పొదుపుగా, మధ్యమధ్య చోటు వదిలి నడిపాడో. ఆ ఖాళీలకి కూడా కూలి ఉంటుంది కదా?

ఇరవై మూడేళ్లప్పుడు మా ఊరి పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదే పెద్దాయన మీద రాశాను. పెళ్లికెంత, అందులో మాస్టరు పట్టుకునేదెంత, ముహూర్తాలు లేని నెలల్లో ఏ పనికెళ్తాడు, పెదవి మీద కాసిన కాయ, అన్నీ పెట్టాను. "కళ గురించి రాయమంటే కూలి లెక్కలేంటండీ" అని ఎడిటర్‌గారు డబ్బున్న ప్రతి లైనూ కొట్టేసి, "నాదబ్రహ్మ" అని పేరు పెట్టి వేశారు. పెద్దాయనకి చదివి వినిపిస్తే "బాగుంది బాబూ, ఇంతకీ ఎవరి గురించి?" అన్నాడు. ఇప్పుడు నాదబ్రహ్మ పోయి "స్ఫూర్తి గాథ" వచ్చింది, అంతే తేడా.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరినడగాలి అని కూడా ఏదో రాశావు. ముందు ఆ హోటల్ గది రాసి పంపు. "చేరారు" అన్న మాట నాకు కనపడకూడదు.