మార్పు, ఇంగిలాయి చేపల్లో రక్తం ఎక్కువా? తింటే మనకు రక్తం పడుతుందా?

చెరువు ఎండినా బురదలో బతికుండే మార్పు చేపకు హిమోగ్లోబిన్ ఎక్కువట, తింటే రక్తహీనత తగ్గుతుందట, నిజమేనా అని అడిగారు. మొదటి మాట నిజమే, కానీ జనం చెప్పుకునేంత కాదు. ఆ సంగతి నాకు చేతులు కాలాకే తెలిసింది.

తిరుపతిలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నా ప్రాజెక్టు ఈ చేపల రక్తమే. శ్రీకాళహస్తి వైపు చెరువుల్లో పట్టిన మార్పులను, ఇంగిలాయిలను కొని, తడిగోనెలో చుట్టి బస్సులో తెచ్చేవాణ్ణి. వాటికి నీళ్లు అక్కర్లేదు, తడి ఆరకపోతే చాలు. ఒకసారి పక్క సీటు పెద్దాయన సంచి కదలడం చూసి "పామా నాయనా?" అంటూ లేచి నిలబడ్డారు.

మొదటిసారి కొలిస్తే మార్పు చేపలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 17 గ్రాముల హిమోగ్లోబిన్ వచ్చింది. మా సారు కాగితం చూసి, "నీ కంటే నీ చేపే ఆరోగ్యంగా ఉంది" అని నవ్వారు. నేను చేసిన తప్పులు రెండు. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, చేపల కణాల్లో ఉంటుంది. హిమోగ్లోబిన్ కొలవడానికి రక్తాన్ని కలిపే డ్రాబ్కిన్ ద్రావణంలో కణం పగిలినా కేంద్రకాలు మిగిలి ద్రావణాన్ని మసకబారుస్తాయి. ద్రావణం రంగును బట్టి హిమోగ్లోబిన్ లెక్కగట్టే యంత్రం ఆ మసకను కూడా రంగు కింద లెక్కేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేటను కొలిస్తే 14కు దిగింది. రెండో తప్పు, పెనుగులాడుతున్న చేపకు సూది గుచ్చడం. బెదిరిన చేప ప్లీహం తనలో నిల్వ ఉన్న ఎర్రకణాలను రక్తంలోకి వదిలేస్తుంది. రాత్రంతా తొట్టిలో వదిలేసి, లవంగ నూనె కలిపిన నీటిలో మత్తెక్కించి, తోక దగ్గరి సిర నుంచి రక్తం తీస్తే 12 వచ్చింది. అదే జాగ్రత్తతో శీలవతిలో చూస్తే 8. తేడా ఉంది, అద్భుతం లేదు. ఇలాంటి అంకె ఎక్కడ కనిపించినా, ఆ చేపను ఎలా పట్టుకున్నారని ముందు అడగండి. (ఇంగిలాయిని ఎలా పట్టుకోకూడదో నా బొటనవేలికి తెలుసు. దాని ముల్లులో విషం ఉంటుంది. ఓర్చుకోగలిగినంత వేడినీటిలో వేలు ముంచితే గానీ మంట తగ్గలేదు.)

అసలు విశేషం హిమోగ్లోబిన్ ఎంత ఉందన్నదాని కంటే అది ఆక్సిజన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న దానిలో ఉంది. లీటరు గాలిలో దాదాపు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల శుభ్రమైన నీటిలో ఐదారుకు మించదు, కుళ్లిన బురదనీటిలో దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఈ చేపలు పైకొచ్చి గాలి మింగుతాయి. మార్పుకు మొప్పల పైన చెట్టుకొమ్మల్లాంటి అవయవం ఉంటుంది, ఇంగిలాయికి వెన్ను కండరాల్లోంచి తోకవైపు సాగిన రెండు గాలి గొట్టాలు ఉంటాయి. చిక్కంతా ఆ తర్వాతే. అంత కష్టపడి గాలి నుంచి తెచ్చుకున్న ఆక్సిజన్, ఆక్సిజన్ లేని నీటిలో తడుస్తున్న మొప్పల గుండా బయటికి కారిపోవచ్చు. చిల్లికుండతో నీళ్లు మోసినట్టు! మొప్పలు చిన్నవి కావడం ఆ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది. హిమోగ్లోబిన్ గట్టి పట్టు ఇంకొంత ఆపుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు చేపల ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ పట్టును సడలించే ఏటీపీ, జీటీపీ అనే అణువులు తగ్గుతాయి, దాంతో ఆ పట్టు మరింత బిగుస్తుంది. మొప్పలను పూర్తిగా వదులుకోవడమూ కుదరదు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా మొప్పలు, చర్మం ద్వారానే నీటిలోకి పోవాలి.

ఇక తినడం సంగతి. చేప హిమోగ్లోబిన్ మన కడుపులో ముక్కలైపోతుంది, అలాగే మన రక్తంలో చేరదు. అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది గానీ, శుభ్రం చేసేటప్పుడు చాలా రక్తం నీళ్లతోనే పోతుంది. బెంగాల్, అస్సాంలలో జబ్బు నుంచి కోలుకునేవాళ్లకు ఈ చేపలు పెడతారు, మంచి ఆహారమే. రక్తహీనత ఉందనుకుంటే మాత్రం ముందు పరీక్ష చేయించుకోండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే అవి వేసుకుంటూనే పులుసు తినండి.