ఇంటిపేరు అలాగే ఉంటుంది కదమ్మా

ప్రశ్న: మాది ఖమ్మం. మా పెద్దమ్మాయి బీటెక్ ఆఖరి సెమిస్టర్. లోపల తను అబ్బాయేనని ఏడాది కిందట చెప్పింది. ఫ్రెండ్స్ వేరే పేరుతో పిలుస్తారు. ఇప్పుడు డిగ్రీ పట్టా మీద కూడా ఆ పేరే ఉండాలంటోంది. తనకు పెట్టింది మా అత్తగారి పేరు. ‘మా అమ్మ పేరు తీసేస్తే ఈ గడప తొక్కొద్దు’ అన్నారు మావారు. పేరు మారిస్తే ఇన్నేళ్ల చదువు చెల్లకుండా పోతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ సంగతి. పేరు మారితే చదువు ఎక్కడికీ పోదు. హాల్‌టికెట్ నంబరు, మార్కులు, పాసైన సంవత్సరం పాతవే ఉంటాయి. 2022లో మన ఉస్మానియా ఆసుపత్రిలోనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు.

మనిషి ఒకలా, కాగితం ఒకలా ఉంటేనే కష్టం. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇంటర్వ్యూలో రెండు రౌండ్లు దాటాడు. సర్టిఫికెట్లు చూసే రోజున టేబుల్ అవతలాయన పదో తరగతి మెమో మీది పేరు గట్టిగా చదివి, ‘ఆ అమ్మాయి రాలేదా?’ అన్నాడట. వెనక లైన్లో పదిమంది. కుర్రాడు మాట్లాడకుండా ఫైలు తీసుకుని బయటికి వచ్చేశాడు. నా ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ ఫైలును ఒళ్లో బోర్లించి రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. మీ బిడ్డ పట్టా కోసం అంత పట్టుబట్టేది ఇలాంటి రోజు తనకు రాకూడదనే అనుకుంటాను.

తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు మనిషిదేనని, అందుకు ఆపరేషన్ కావాలని పట్టుబట్టకూడదని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత 2019లో చట్టం, 2020లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకుంటే గుర్తింపు సర్టిఫికెట్, కార్డు ఇస్తారు. దాన్నిబట్టి చదువు సర్టిఫికెట్లలో పేరు, జెండర్ మార్చాలి. ఒక విషయం మీ బిడ్డతో ముందే మాట్లాడండి. ఆ మొదటి సర్టిఫికెట్లో ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉంటుంది. ‘పురుషుడు’ అని రావాలంటే ఆపరేషన్ తర్వాత మరో దరఖాస్తు పెట్టాలని ఆ చట్టం అంటుంది. ఇలాంటి రూల్స్ మారుతుంటాయి కాబట్టి, అప్లై చేసే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి ఇప్పుడు ఏది అమల్లో ఉందో అడగండి.

డిగ్రీ నుంచి మొదలుపెట్టకండి. పదో తరగతి మెమోలో ఉన్న పేరే పట్టా దాకా వస్తుంది. అందుకని ముందు టెన్త్, తర్వాత ఇంటర్, ఆఖరున బీటెక్. మణిపూర్‌లో ఒక డాక్టర్ ఈ మార్పు కోసమే హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కొత్త పేరుతో సర్టిఫికెట్లు ఇవ్వాలని 2025 అక్టోబరులో కోర్టు ఆదేశించింది. ఈలోగా పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) పాత పేరుతో వచ్చినా తీసుకోమనండి. ఉద్యోగం ఆగకూడదు. డబ్బిస్తే కొత్త మెమో తెచ్చిపెడతామనే బ్రోకర్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఇక మీవారు. ఆయన బాధ నాకు అర్థమవుతోంది. అత్తగారి పేరు బిడ్డకు పెట్టుకుంటే, కోపం వచ్చినా ఆ పేరుతో తిట్టలేక ముద్దుపేరుతో పిలుచుకునే ఇళ్లు మనవి. ఆ పేరు కాగితం మీద నుంచి పోతోందంటే ఆయనకు అమ్మ రెండోసారి పోయినట్టే ఉంటుంది. కాబట్టి చట్టం గురించి ఆయనతో వాదించకండి. తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్కమాట చెప్పండి: ఇంటిపేరు మార్చమని బిడ్డ అడగలేదు. పట్టా మీద ముందుండేది మీవారి ఇంటిపేరే, తండ్రి పేరు దగ్గర ఉండేది ఆయన పేరే. వీలైతే కొత్త పేరులో నానమ్మ పేరులోని మొదటి అక్షరం ఉంచుకుంటావా అని బిడ్డను అడగొచ్చు. అడగడం వరకే. ఒప్పుకోకపోతే వదిలేయండి, పేరు తనది. గడప మాటకు వస్తే, ఆ గడప మీది కూడా. ‘నేనున్నంత వరకు నువ్వు వస్తావు’ అని మీ నోటితో మీరే బిడ్డకు చెప్పాలి.

‘అబ్బాయి’ అనే మాట మీ నోటికి ఇంకా రాకపోవచ్చు. పర్లేదు. ఎదురుగా మాట్లాడేటప్పుడు మన తెలుగులో ఆడామగా తేడా రాదు. ‘వచ్చావా, తిన్నావా, పడుకున్నావా’ అని ఎవరినైనా అడుగుతాం. ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా ‘నాన్నా’ అనే పిలుచుకుంటాం. ఈ రాత్రి ఫోన్ చేసి ‘అన్నం తిన్నావా నాన్నా’ అనండి. పదో తరగతి ఒరిజినల్ మెమో బీరువాలో ఎక్కడుందో వెతికి పెడతానని చెప్పండి.