పాపకి కంప్యూటర్ అంటే బెరుకు, బాబుకి పిచ్చి... ఇది స్వభావమేనా?

ప్రశ్న: మేడం, మా పాప తొమ్మిది, బాబు ఎనిమిది, ఒకటే స్కూలు. బాబు కంప్యూటర్ పీరియడ్ అంటే చాలు పరిగెత్తుతాడు, పాపేమో ‘అదంతా బాయ్స్ చూసుకుంటారు మమ్మీ’ అంటది. మార్కులు మాత్రం పాపకే ఎక్కువ. మావారు ‘ఆడపిల్లలకి మెషీన్లంటే ఇంతేలే, ఇంటర్‌లో ఎంపీసీ వద్దు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఎంపీసీ గొడవ పక్కన పెట్టండమ్మా, దానికీ దీనికీ లంకె లేదు.

2018లో కొన్ని దేశాల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి కంప్యూటర్ మీదే టెస్ట్ పెట్టారు, ఐసీఐఎల్ఎస్ అంటారు, అందులో సమాచారం వెతకడం, దాన్ని సరిగ్గా వాడటం లాంటివాటిలో అమ్మాయిలకే ఎక్కువ స్కోర్ వచ్చింది. కానీ కష్టమైన పనులు నువ్వు చేయగలవా అని అడిగితే మాత్రం ‘ఓ చేసేస్తా’ అన్నది ఎక్కువగా అబ్బాయిలు! ప్రోగ్రామింగ్ తరహా ఆలోచనలో అబ్బాయిలు కాస్త ముందున్నమాట కూడా నిజమే, దాచడం దేనికి.

మరి ఆ ధీమా ఎక్కడ్నుంచి వస్తుందంటే, చేతిలో వస్తువు ఉండటం నుంచి. పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వేలో, 2023లో మన దేశంలో 28 జిల్లాల పల్లెల్లో 14–18 ఏళ్ల పిల్లల్ని అడిగితే, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంది, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే. మీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటుందో ఒకసారి చూడండి. స్కూల్లోనూ అంతే, ఒక సిస్టమ్‌కి ముగ్గుర్ని కూర్చోబెడితే మౌస్ దూకుడున్నోడి చేతికి పోతుంది, మీ పాప లాంటివాళ్లు పక్కన కూర్చుని నోట్స్ రాసుకుంటారు, పీరియడ్ అయిపోతుంది, మళ్లీ వారం దాకా ఏం లేదు.

స్వభావం సంగతి లేదని కాదు. కొత్తదేదైనా కెలికి చూసే గుణం ఉన్న పిల్లలు టెక్నాలజీకి తొందరగా అలవాటు పడతారు, తప్పు చేస్తే అందరూ నవ్వుతారేమోనని హైరానా పడేవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఈ రెండో రకం అబ్బాయిల్లోనూ బోలెడుమంది ఉంటారు, కాకపోతే వాడు ‘నాకు రాదు’ అంటే నేర్చుకోరా అంటాం, అదే అమ్మాయి అంటే సర్లేమ్మా అని ఊరుకుంటాం (మీవారు అన్నది ఇదేగా).

పాపది రెండో రకంలా ఉంది. కాబట్టి ముందు తమ్ముడు లేని టైంలో ఫోనో ల్యాప్‌టాపో ఇవ్వండి, వాడు పక్కనుంటే ‘అలా కాదక్కా ఇటివ్వు’ అని లాక్కుంటాడు. స్క్రాచ్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఒకటుంది, బ్లాకులు పేర్చి బొమ్మల కథో ఆటో చేసుకోవచ్చు, తప్పు చేస్తే ఏం పాడవదు. టీచర్‌ని కలిసి ల్యాబ్‌లో మౌస్ వంతులవారీగా మార్చమని అడగండి, స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే ల్యాబ్) ఉంటే, పాప ఆరో తరగతికి వచ్చాక అందులో పేరు రాయించండి. తనకి అక్కడా నచ్చకపోతే నచ్చలేదనే అనుకుందాం, అది వేరే సంగతి. మీ బాబు పరిగెత్తేది గేమ్స్ కోసమా, ఇంకేమైనా చేస్తున్నాడా, అదీ కనుక్కోండి.