కట్-పేస్ట్ లేకుండా సర్దుకోవడం

అమ్మలూ,

నీ రిపోర్టు చదివాను. విషయం బాగుంది, వరసే కుదరలేదు. సర్దుదామంటే కట్ చేయడం, స్క్రోల్ చేయడం, పేస్ట్ చేయడం, మళ్ళీ వెనక్కి రావడం, దీంతోనే రోజు గడిచిపోతోందన్నావు. గడవదా మరి! వర్డ్‌లో ఇంతకంటే దగ్గరి దారులున్నాయి.

పేరాని కాస్త పైకో కిందికో జరపాలంటే సెలెక్ట్ చేసే పని కూడా లేదు. కర్సర్ అందులో పెట్టి ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని పై బాణం నొక్కు, ముందు పేరాని దాటి పైకెళ్తుంది. పట్టికలో వరసలూ ఇలాగే జరుగుతాయి. వర్డ్ బదులు లిబ్రెఆఫీస్ వాడితే కంట్రోల్, ఆల్ట్‌తో బాణం.

అసలు నీకు కావలసింది స్పైక్, చెదిరిన ముక్కల్ని ఏరి ఒకేచోట దించే వర్డ్ సదుపాయం. పైనున్న బటన్ల పట్టీలో (రిబ్బన్‌లో) మామూలుగా కనబడదు కాబట్టి దీని ఊసే చాలామందికి తెలియదు. ఖర్చుల సంగతి నువ్వు ఐదు చోట్ల ముక్కలుగా రాశావు కదా. మొదటి ముక్క సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎఫ్3 నొక్కు. మాయమవుతుంది, కంగారుపడకు. రెండోది, మూడోది, అలా అన్నీ ఏరుకుంటూ పో. కొట్లో ఊచకు బిల్లులు గుచ్చినట్టు ఒకదాని తర్వాత ఒకటి చేరుతాయి. కావలసిన చోటికి వచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 నొక్కితే ఏరిన వరసలోనే అన్నీ దిగుతాయి, స్పైక్ ఖాళీ అవుతుంది. అందుకే ముందే ఏ వరసలో ఏరాలో చూసుకో. ఏదైనా ముక్క పాత చోట కూడా ఉండాలంటే, ఏరిన వెంటనే కంట్రోల్, జెడ్ కొట్టు. అక్కడికి తిరిగొస్తుంది, స్పైక్‌లోనూ ఉంటుంది.

ఒక్క వాక్యానికే చోటు మార్చాలంటే ఎఫ్2 చాలు. సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కి, పెట్టాల్సిన చోట క్లిక్ చేసి ఎంటర్ కొట్టు. క్లిప్‌బోర్డు జోలికి పోదు కాబట్టి అంతకుముందు కాపీ చేసుకున్న లింకు అలాగే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే వెలుతురో సౌండో మారుతుంటే ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి.

అధ్యాయాలకు అధ్యాయాలే జరపాలంటే, హెడింగుల జాబితా చూపే నావిగేషన్ పేన్‌లో హెడింగ్‌ని పట్టి లాగు, దాని కిందున్నదంతా వెంట వస్తుంది. కాకపోతే నువ్వు హెడింగులన్నీ ఉత్త బోల్డ్ చేసి వదిలేశావు. వాటికి హెడింగ్ స్టైల్ ఇస్తే గానీ అక్కడ కనబడవు. ముందు ఆ పని చూడు.

సర్దడం అయ్యాక "పైన చెప్పినట్టు", "కింది పట్టికలో" అన్న మాటలు వెతికి చూసుకో. పేరాలు మారాయి కదా, పైన చెప్పింది ఇప్పుడు కిందికి పోయి ఉంటుంది.

బాబాయ్