సోలార్ ప్యానెళ్లు పెట్టేస్తే ఎయిర్‌పోర్టు కాలుష్యం తగ్గిపోతుందా?

సోలార్ కరెంటుతో ఎయిర్‌పోర్టుల కాలుష్యం తగ్గుతుందా అని అడిగారు. కొన్నేళ్లు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో, అంటే నేల మీద ఆగిన విమానాల పనులు చూసే చోట, పనిచేసినవాడిగా చెప్తున్నా, సోలార్ మంచిదే, కానీ మా ముక్కుల్లోకి వెళ్లిన పొగ సోలార్‌తో పోయేది కాదు.

కొచ్చి ఎయిర్‌పోర్టు 2015లోనే పూర్తిగా సోలార్ మీదకు మారింది, ప్యానెళ్ల మధ్య కూరగాయలు పండిస్తున్నారు, 2018లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. గొప్ప పనే. అయితే ఆ కరెంటుతో వెలిగేది టెర్మినల్. బయట బే మీద, అంటే విమానాన్ని నిలిపే చోట, ఆగిన విమానం తోకలో ఏపీయూ అని ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది. లోపల లైట్లకీ ఏసీకీ అదే ఆధారం. ఎ320 లాంటి విమానంలో అది గంటకు వంద కిలోలకు పైనే ఇంధనం తాగుతుంది. ఒక్కో కిలోకి మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. ఏరోబ్రిడ్జి నుంచి కరెంటు కేబుల్, చల్లగాలి గొట్టం తగిలిస్తే దాన్ని ఆపేయొచ్చు.

నేను పనిచేసిన చోట ఆ రెండూ ఉండేవి. మే నెలలో ఒక మధ్యాహ్నం ఫ్లైట్ లేటయి చాలాసేపు బే మీదే ఉండిపోయింది. ముక్కు దగ్గర కేబుల్ తగిలించాం. పసుపు రంగు గాలి గొట్టం మాత్రం మధ్యలో చిరిగి, టేపు చుట్టి ఉంది, ఆ టేపూ ఊడిపోయింది. విమానంలోకి వెళ్లాల్సిన చల్లగాలంతా నేల మీదకే పోతుంటే లోడర్లు వంతులవారీగా అక్కడికొచ్చి చెమట ఆరబెట్టుకునేవాళ్లు. లోపల ఉడికిపోతోందని పైలట్ ఏపీయూ ఆపలేదు, ఆయన తప్పేం లేదు. వెనక హోల్డ్‌లో బ్యాగులు ఎక్కించే కుర్రాళ్లు ఆ హోరు కిందే పనిచేశారు. ఇయర్ మఫ్‌లు అందరికీ సరిపడా ఇవ్వలేదు, అది ఇంకో దరిద్రం. "గొట్టం మార్చమని రాసి పంపాను తమ్ముడూ, ఇంకేం చెయ్యమంటావ్" అన్నాడు సూపర్‌వైజర్. అదే వారం టెర్మినల్ లోపల పర్యావరణ దినోత్సవం బ్యానర్లు కట్టారు!

వదిలిన కార్బన్‌కి సరిపడా ఇంకోచోట తగ్గించామని చూపించి ఎయిర్‌పోర్టులు తెచ్చుకునే కార్బన్ న్యూట్రల్ సర్టిఫికెట్ల సంగతి కూడా చెప్పాలి. అందులో ఎక్కువగా లెక్కేసేది ఎయిర్‌పోర్టు సంస్థ వాడే కరెంటు, దాని సొంత బండ్ల డీజిల్. విమానం గాల్లో కాల్చేది ఆ న్యూట్రల్ లెక్కలోకి రాదు. ప్రయాణికుడికి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

షంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది, ఇప్పటికీ మెట్రో లేదు. ఎలక్ట్రిక్ పుష్పక్ బస్సులు నిజంగా బాగుంటాయి, అయినా జనం ఒక్కొక్కరు ఒక్కో క్యాబ్‌లో దిగుతున్నారు. ఆ పొగ ఎవరి ఖాతాలో రాస్తారో!

జ్యూరిక్‌లో బే దగ్గర కరెంటు, గాలి అందుబాటులో ఉంటే ఏపీయూ వాడకం మీద ఏళ్ల నుంచి ఆంక్షలున్నాయి. మన దగ్గర కూడా ఏ బేలో ఏపీయూ ఎన్ని నిమిషాలు నడిచిందో ప్రతి ఎయిర్‌పోర్టూ నెలనెలా బయటపెట్టాలి, గొట్టం పాడైతే ఎన్ని గంటల్లో మార్చాలో కాంట్రాక్టులోనే రాయాలి, మార్చకపోతే జరిమానా వెయ్యాలి. కొత్త ప్యానెళ్ల కంటే ముందు జరగాల్సిన పని ఇదే.